తీగ చేరని గూడెమున దీపము ఆరకుండుట యెట్లు?
(బ్యాటరీల పోషణపై పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

నర్సీపట్నమునుండి చింతపల్లికి పోవు ఘాటు రోడ్డున సంధ్యవేళ ప్రయాణము చేయువారికి రెండు విధముల వెలుగులు కనిపించును. క్రింద మైదానమున విద్యుత్తు స్తంభముల వెంట బారులు తీరిన దీపము లొక విధము. పైన కొండ మలుపులలో, చెట్ల నడుమ, అక్కడొకటి ఇక్కడొకటిగా మినుకుమను దీపములు రెండవ విధము. ఈ రెండవ విధమువానిలో కొన్ని తీగపై ఆధారపడినవి కావు. పగటి యెండను బ్యాటరీలో దాచుకొని రాత్రి వెలుగునట్టివి. తీగ దీపము ఆరినచో లైన్‌మన్ వచ్చును. బ్యాటరీ దీపము ఆరినచో వచ్చువా రెవరు? ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసిన బాధ్యత గ్రామ పంచాయతీపై నున్నదని మా అభిప్రాయము.

దీపమొకటి ఆరిన నేమి నష్టమని కొందరు తలపవచ్చును. కొండమీది గూడెమున రాత్రివేళ పాము కరచినను, గర్భిణికి నొప్పులు వచ్చినను, మొదట చేయవలసినది 108కి ఫోను చేయుట. రోడ్డు లేని చోట రోగిని డోలీలో మోసికొని దిగవలెను. ఫోనులో చార్జింగు లేనిచో కబురు పోదు. చేత దీపము లేనిచో డోలీ కదలదు. కావున బ్యాటరీ యన్నది సుఖమునకు సంబంధించిన వస్తువు మాత్రమే కాదు. ప్రాణమునకు సంబంధించిన వస్తువు.

పంచాయతీలకును బ్యాటరీలకును సంబంధము కొత్తది కాదు. 1950, 1960 దశకములలో విద్యుత్తు లేని గ్రామములందు పంచాయతీ రేడియోలు బ్యాటరీలతోనే పలికెడివి. బ్యాటరీ అయిపోయిన దినమున రేడియో మూగవోయెడిది. పెట్టె మంచిదే, ప్రసారము జరుగుచునే యుండెడిది. కాని వినువారికి వార్త చేరెడిది కాదు. నేటి సౌర దీపముల సంగతియు నిట్టిదే. ప్యానెల్ ఇరువది సంవత్సరములకు పైగా పని చేయును, ఎల్.ఇ.డి. దీపము ఏండ్ల తరబడి వెలుగును. నడుమనున్న బ్యాటరీ పోషణ లేక మొదట చెడిపోవును. అది చెడిన తక్కినవన్నియు ఉండియు లేనట్లే.

ఇది పంచాయతీ పని యేల?

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము 1955లో ఆరంభమైనది. తరువాత సీలేరు కేంద్రములు వచ్చినవి. కొండలలో పుట్టిన ఈ విద్యుత్తు పెద్ద తీగలపై దూరపు పట్టణములకు పోవుచున్నది. అయినను అదే కొండలలో అయిదారు ఇండ్లు, పదియిండ్లు గల గూడెములకు లోయలు దాటి, అడవి దాటి తీగ లాగుట మిగుల కష్టము, వ్యయప్రయాసలతో కూడిన పని.

ఈ కష్టమును గుర్తించియే 2017 సెప్టెంబరు 25న ప్రకటింపబడిన సౌభాగ్య పథకములో తీగ చేరజాలని ఇండ్లకు వేరు ఏర్పాటు చేసిరి. 200 నుండి 300 వాట్ల సౌర ప్యానెల్, బ్యాటరీ, 5 ఎల్.ఇ.డి. దీపములు, 1 డి.సి. పంకా, 1 డి.సి. ప్లగ్గు ఆ ఏర్పాటులోని వస్తువులు. 5 సంవత్సరముల మరమ్మత్తు బాధ్యతయు అందు చేర్చిరి. తరువాత 2023 నవంబరు 15న ఆరంభమైన పి.యం. జన్‌మన్ కార్యక్రమము క్రింద, మిక్కిలి వెనుకబడిన ఆదిమ గిరిజన తెగల ఆవాసములలో తీగ చేరజాలని ఇండ్లకు సౌర విద్యుత్తు అమర్చుటకు 2024 జనవరిలో ఆమోదము లభించినది.

ఐదేండ్ల మరమ్మత్తు గడువు ముగిసిన పిమ్మట ఏమగును? వస్తువులు గూడెముననే యుండును, చూచువారుండరు. రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానివలన చేరిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు గలవు. వానిలో 14వది గ్రామ విద్యుదీకరణము, 15వది సంప్రదాయేతర ఇంధన వనరులు. కావున ఈ బ్యాటరీల సంగతి ఎవరిదో కాదు, మనదే.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి నర్సీపట్నము అనకాపల్లి జిల్లాలోను, చింతపల్లి, కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోను చేరినవి. జిల్లాలు వేరైనను కొండవారి సంతలు, ఆసుపత్రులు, బ్యాటరీ దుకాణములకు నర్సీపట్నముతో పొత్తు తెగలేదు. అందుచేత ఈ పాఠము ఘాటుకు పైనున్న పంచాయతీలకును, దిగువనున్న పంచాయతీలకును సమానముగా నుపయోగించును.

బ్యాటరీ ఊట కాదు, చెరువు

మేము చెప్పదలచిన ముఖ్య విషయ మొక్కటే: బ్యాటరీ విద్యుత్తును పుట్టించు ఊట కాదు, పోసినదానిని దాచియుంచు చెరువు మాత్రమే. పోసినదానికంటె ఎక్కువ తోడరాదు. తోడినదానిని వెంటనే తిరిగి నింపవలెను. తక్కిన నియమములన్నియు దీనినుండి పుట్టినవే.

నాతవరము వద్దనున్న తాండవ జలాశయమును చూచిన రైతులకు ఇది సులువుగా బోధపడును. ఏ జలాశయమునందైనను తూము మట్టమునకు క్రింద కొంత నీరు నిలిచియుండును. ఆ నీరు కాలువకు రాదు. బ్యాటరీలో గూడ అట్టి నిలువ యుండవలెను. కాని జలాశయమునకు తూము అడ్డమున్నది. బ్యాటరీకి అట్టి సహజమైన అడ్డు లేదు. తోడుచుండిన అడుగంట తోడుకొనవచ్చును. హాని యంతయు అక్కడనే యున్నది.

మన గూడెములలో హెచ్చుగా కనిపించునది సీసము, ఆమ్లము గల బ్యాటరీ. దీనిని 1859లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే కనుగొనెను. ఇందు సీసపు పలకలు పలుచని గంధకామ్లములో మునిగియుండును. విద్యుత్తు తీయుచుండగా పలకలపై సీసపు సల్ఫేటు అను తెల్లని పదార్థము మెత్తని పొరగా ఏర్పడును. వెంటనే చార్జి చేసినచో ఆ పొర కరగి పలకలు పూర్వ స్థితికి వచ్చును. చార్జి చేయక కొన్ని దినములు విడిచినచో, వానకాలమున ఉప్పు గడ్డకట్టినట్లు, ఆ పొర గట్టిపడి మరల కరగదు. గట్టిపడిన మేర పలక పనికిరానిదగును. బ్యాటరీలు చాలవరకు ముసలితనమున చచ్చుట లేదు, ఆకలితో చచ్చుచున్నవి.

అందుచేత సీసపు బ్యాటరీలో సగమునకు మించి వాడకుండుట మంచిది. సగము వరకే వాడి ఏనాటికానాడు నింపిన బ్యాటరీ, ప్రతిదినము అడుగంట తోడిన బ్యాటరీకంటె ఎన్నో రెట్లు మన్నును.

జమాఖర్చుల లెక్క

పంచాయతీ బడ్జెటు వేయుట సభ్యులకు తెలిసినదే. బ్యాటరీకిని అట్టి బడ్జెటు గలదు. ఇందు రూపాయలకు బదులు వాట్-గంటలు లెక్కింపవలెను. 10 వాట్ల దీపము 1 గంట వెలిగిన 10 వాట్-గంటలు ఖర్చు.

ఉదాహరణకు ఒక ఇంటిలో 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీ యున్నదనుకొందము. 12ను 100చే గుణింపగా 1,200 వాట్-గంటలు. ఇందు సగము, అనగా 600, మాత్రమే వాడదగిన నిలువ.

ఖర్చు చూతము. 7 వాట్ల దీపములు 5, దినమునకు 5 గంటలు వెలిగిన 175. 25 వాట్ల డి.సి. పంకా 8 గంటలు తిరిగిన 200. రెండు ఫోనుల చార్జింగునకు 30. మొత్తము 405 వాట్-గంటలు.

జమ చూతము. ప్యానెల్ 200 వాట్లది. నిర్మలమైన దినమున నాలుగున్నర గంటల నిండు యెండకు సమానమైన వెలుగు లభించెననుకొన్నచో 900 వచ్చును. తీగలలోను, బ్యాటరీలోను, వేడిమివలనను పోగా నూటికి 70 వంతులు చేతికందిన 630. ఖర్చు 405 పోగా మిగులు 225. ఇల్లు సుభిక్షముగా నున్నది.

ఇపుడు ఆషాఢ శ్రావణములు వచ్చినవి. కొండపై ముసురు పట్టినది. రెండు గంటల యెండ మాత్రమే దొరికెననుకొందము. జమ 280, ఖర్చు అదే 405. దినమునకు లోటు 125. నిలువ 600 గాన నాలుగు దినములు ఎట్లో గడచును. అయిదవనాడు బ్యాటరీ సగమునకు దిగువ పడును. ఆ యింటివారు 40 వాట్ల టెలివిజన్ తెచ్చి దినమునకు 4 గంటలు చూచినచో లోటు 285 అగును. అపుడు రెండు దినములే గడచును. మూడవనాడు దిగువ పడును.

దీనికి విరుగుడు క్రొత్త బ్యాటరీ కొనుట కాదు. ముసురు దినములలో కొండమీద చలిగా నుండును, పంకా అక్కరలేదు. పంకా ఆపినచో టెలివిజన్ లేని ఇంటి ఖర్చు 205కు తగ్గును. జమ 280 గనుక ఆ ముసురులోనే దినమునకు 75 మిగులును! ఒక్క మీట నొక్కుటచే లోటు బడ్జెటు మిగులు బడ్జెటైనది. అయితే ఒకసారి ఖాళీ చేసిన 600ను ఈ 75 మిగులుతో పూరింపవలెనన్న 8 దినములు పట్టునని మరువరాదు. కాబట్టి ముసురు పట్టిన మొదటి దినముననే పొదుపు మొదలిడవలెను. దీపము మసకబారిన పిమ్మట కాదు.

దీపమార్పు పెట్టె శత్రువు కాదు

ప్యానెల్‌కును బ్యాటరీకిని నడుమ చిన్న పెట్టె యుండును. దానిని చార్జి కంట్రోలరు అందురు. అది రెండు పనులు చేయును. బ్యాటరీ నిండిన పిమ్మట ఎక్కువ విద్యుత్తు పోకుండ నాపును. బ్యాటరీ మిక్కిలి దిగినపుడు దీపముల నార్పును. ఇదియే మనము పైన చెప్పిన తూము వంటిది.

రాత్రి దీపమారగనే కొందరు కంట్రోలరు చెడిపోయినదని తలచి, దానిని తప్పించి బ్యాటరీనుండి నేరుగా దీపమునకు తీగ కలుపుదురు. దీపము వెలుగును, వారు సంతోషింతురు. కాని అది విత్తనపు వడ్లు వండుకొని తినుట వంటిది. ఇట్లు కొన్ని రాత్రులు జరిగినచో ఏండ్లు మన్నవలసిన బ్యాటరీ ఆ సంవత్సరముననే మూల పడును. పంచాయతీ సభ్యులు గూడెమునకు పోయినపుడు మొదట చూడవలసినది ఇదియే: తీగలు కంట్రోలరు గుండ పోవుచున్నవా, లేక దానిని తప్పించి పోవుచున్నవా?

తీగ లూడదీయునపుడును, కలుపునపుడును క్రమము పాటింపవలెను. కలుపునపుడు ముందు బ్యాటరీని, తరువాత ప్యానెల్‌ను కంట్రోలరునకు కలుపవలెను. ఊడదీయునపుడు ముందు ప్యానెల్‌ను, తరువాత బ్యాటరీని తీయవలెను.

ఎండను పట్టుట

మన ప్రాంతము భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 17 డిగ్రీల 40 నిమిషముల అక్షాంశమున నున్నది. కావున ప్యానెల్ దక్షిణ ముఖముగా, సుమారు 18 డిగ్రీల వాలులో నుండవలెను. అనగా 3 అడుగుల పొడవు పలకకు పై అంచు క్రింది అంచుకంటె సుమారు 11 అంగుళములు ఎత్తుగా నుండవలెను.

నీడ విషయమున మిక్కిలి జాగ్రత్త యవసరము. ప్యానెల్‌లోని గదులు గొలుసువలె ఒకదానితో నొకటి కలిసియుండును. ఒక మూలపై జీడిమామిడి కొమ్మ నీడ పడినను రాబడి ఆ మూల మేరకే కాక అంతకంటె ఎన్నో వంతులు తగ్గిపోవును. ఉదయము 9 గంటలనుండి మధ్యాహ్నము 3 గంటలవరకు నీడ పడకుండ కొమ్మలు కొట్టింపవలెను. మార్గశిర, పుష్యములలో సూర్యుడు దక్షిణమున దిగువగా నడచును, నీడలు పొడవగును. వేసవిలో నీడ లేని చోటు చలికాలమున నీడలో పడవచ్చును. కాబట్టి ఏటికి రెండుసార్లు చూచుకొనవలెను.

మట్టి రోడ్డు దుమ్ము, పక్షుల రెట్టలు, రాలిన ఆకులు వారమున కొకసారి తుడువవలెను. ఉదయము ప్యానెల్ చల్లగా నున్నపుడు మంచినీటితోను, మెత్తని గుడ్డతోను కడుగవలెను. బూడిద, ఇసుక పెట్టి తోమిన అద్దము గీతలు పడును. తీగలు పొడవై సన్నగా నున్నచో విద్యుత్తు దారిలోనే వేడిమిగా పోవును. కావున బ్యాటరీని ప్యానెల్‌కు దగ్గరగా నుంచి, తగినంత లావు తీగ వేయవలెను.

బ్యాటరీ ఆరోగ్యము తెలిసికొనుట

పంచాయతీ ఒక చిన్న మల్టీమీటరు కొని యుంచుకొనిన ఎన్నో గూడెములకు సరిపోవును. చార్జింగు గాని, వాడకము గాని లేక రెండు మూడు గంటలు విశ్రాంతిగా నున్న 12 వోల్టుల సీసపు బ్యాటరీని కొలువవలెను. 12.6 వోల్టులు, అంతకు పైన చూపినచో అది నిండుకుండ. 12.4 చూపినచో ముప్పాతిక. 12.2 చూపినచో సగము. ఇక వాడకము తగ్గింపవలెను. 12.0 చూపినచో పాతిక. 11.8 చూపినచో ఖాళీ. ఆ దినముననే చార్జి చేయవలెను. ఎండలో చార్జి అగుచున్నపుడు కొలిచినచో 13, 14 వోల్టులు చూపి మోసపుచ్చును. తెల్లవారుజామున, సూర్యోదయమునకు ముందు కొలిచిన అంకెయే నమ్మదగినది.

మూతలున్న బ్యాటరీలలో నెలకొకసారి నీటి మట్టము చూడవలెను. పలకలు నీటిపైకి తేలరాదు. తగ్గిన మేర డిస్టిల్డు వాటర్ మాత్రమే పోయవలెను. బావి నీరు, గెడ్డ నీరు, ఊట నీరు కంటికి తేటగా నున్నను వానిలో కరగియున్న లవణములు పలకలను చెరుచును. ఆమ్లము ఎన్నడును పోయరాదు. తగ్గునది నీరే గాని ఆమ్లము కాదు. నీరు నిండు చార్జి అయిన పిమ్మట పోయుట మంచిది. ముందుగా పోసిన చార్జింగులో పొంగి పొర్లును. పలకలు బయటపడి యున్నచో మాత్రము అవి మునుగునంత ముందే పోయవలెను.

కొసలపై తెల్లగా, పచ్చగా పేరుకొను చిలుమును వంట సోడా కలిపిన నీటితో కడిగి, ఆరనిచ్చి, గట్టిగా బిగించి, పైన వాసెలిన్ పూయవలెను. సోడా నీరు బ్యాటరీ లోపలికి పోనీయరాదు. బ్యాటరీని పొయ్యి ప్రక్కను గాని, రేకుల కప్పు క్రింద ఎండ తగులు చోట గాని ఉంచరాదు. 25 డిగ్రీలకు పైన ప్రతి 10 డిగ్రీల వేడిమికి సీసపు బ్యాటరీ ఆయుర్దాయము సుమారు సగము తగ్గును.

జీపు, జనరేటరు సాయము

ముసురు వారముల తరబడి విడువనపుడు ఇతర సాయము కావలసి వచ్చును. కొందరు జీపు బ్యాటరీనే దీపములకు వాడుదురు. ఇది తగదు. జీపు బ్యాటరీ ఇంజను కదలించుటకు క్షణకాలము మిక్కుటమైన బలమిచ్చునట్లు పలుచని పలకలతో చేయబడినది. రాత్రంతయు మెల్లగా విద్యుత్తు నిచ్చుటకు లావు పలకల ట్యూబులర్ బ్యాటరీ తగినది. జీపు బ్యాటరీని దీపములకు వాడి, తెల్లవారి రోగిని ఎక్కించుకొను వేళకు బండి కదలకున్నచో ఆ నష్టము చెప్పతరము కాదు.

చిన్న పెట్రోలు జనరేటరు, చార్జరు పంచాయతీకి ఒకటి యున్నచో వానకాలమున ఉపకరించును. దానిని వాడుటలో ఒక కిటుకు గలదు. బ్యాటరీ ఖాళీగా నున్నపుడు వడివడిగా త్రాగును. నూటికి 80 వంతులు నిండిన పిమ్మట గుటక గుటకగా మెల్లగా త్రాగును. కావున జనరేటరును ఉదయము నడిపి ఆ పెద్ద భాగము నింపి ఆపివేయవలెను. చివరి 20 వంతులను పగటి యెండకు విడువవలెను. సాయంత్రము నడిపినచో చివరి భాగమునకు గంటల తరబడి పెట్రోలు తగులబడును. జనరేటరును గదిలోను, వసారాలోను నడుపరాదు. దాని పొగలో వాసన లేని విషవాయువు గలదు. అది నిద్రలోనే ప్రాణము తీయును.

లంబసింగి గుడారములు

చలికాలమున లంబసింగి మంచు చూచుటకు వేలాది యాత్రికులు నర్సీపట్నము మీదుగా పోవుచున్నారు. రాత్రి నిలిచి తెల్లవారుజామున మంచు చూడగోరువారికై స్థానిక యువకులు గుడారములు వేసి అద్దె కిచ్చుచున్నారు. గుడారమునకు దీపము, ఫోనుకు చార్జింగు కావలెను. అమెరికా మొదలగు దేశములలో కారు వెనుక చక్రముల యిల్లు కట్టుకొని అడవులలో విడిది చేయు కుటుంబములు గలవు. తీగ లేని చోట వారి చింతయు ఇదియే: నేటి రాత్రి బ్యాటరీ రేపటి వరకు నిలుచునా? వారు పాటించు నియమములును మనము పైన చెప్పుకొన్నవే.

గుడారముల వారు మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది: ఇన్వర్టరు పెట్టి 230 వోల్టుల దీపములు వెలిగించినచో ఇన్వర్టరే నూటికి పది పదిహేను వంతులు తినివేయును, నేరుగా 12 వోల్టుల డి.సి. దీపములే మేలు. నీరు కాచు హీటరు, ఎలక్ట్రిక్ కెటిలు బ్యాటరీపై పెట్టనే కూడదు. 1,500 వాట్ల కెటిలు పావుగంటలో 375 వాట్-గంటలు మ్రింగును. అది పైన చెప్పిన ఇంటి ఒకనాటి ఖర్చుకు ఇంచుమించు సమానము.

రెండవది: నేడు లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు ప్రచారములోనికి వచ్చినవి. తేలికైనవి, నూటికి 80 వంతులవరకు వాడుకొనవచ్చును, నీరు పోయు పని లేదు, హెచ్చు కాలము మన్నును. వెల మాత్రము మొదట ఎక్కువ. అయితే వానిని సున్న డిగ్రీలకు దిగువ చార్జి చేసినచో చెడిపోవును. లంబసింగిలో కొన్ని శీతకాలపు రాత్రులు సున్న డిగ్రీల దరిదాపునకు దిగును. కావున అట్టి ఉదయములందు బ్యాటరీని గుడారము లోపల నుంచి, ఎండ కాగిన పిమ్మటనే చార్జింగునకు పెట్టవలెను. వీని వోల్టులు చివరివరకు ఇంచుమించు ఒకే తీరుగా నుండును గాన పైన చెప్పిన వోల్టుల లెక్క వీనికి చెల్లదు. సీసపు బ్యాటరీ చార్జరును వీనికి వాడరాదు.

మూడవది: యాత్రికుల కాలము ముగిసిన పిమ్మట సీసపు బ్యాటరీని ఖాళీగా మూలన పడవేసిన, మరుసటి కార్తికమునకు అది శవమై యుండును. నిండుగా చార్జి చేసి, తీగ లూడదీసి, చల్లని చోట నుంచి, నెలకొకసారి మరల నింపవలెను.

ప్రమాదములు

సీసపు బ్యాటరీ చార్జి అగుచుండగా హైడ్రోజను వాయువు వెలువడును. అది నిప్పురవ్వ సోకిన ప్రేలును. కావున బ్యాటరీ యున్న చోట గాలి ఆడవలెను. చుట్ట, బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానీయరాదు. నీటి మట్టము చూచుటకు అగ్గిపుల్ల గీయుట మిక్కిలి అపాయకరము. రెండు కొసలను ఒకేసారి తాకునట్లు పానా జారిపడినచో మంట లేచును. పానా పిడికి టేపు చుట్టవలెను. చేతి కడియములు తీసి పని చేయవలెను. ఆమ్లము కంట పడినచో వెంటనే ధారగా మంచినీటితో కనీసము 15 నిమిషములు కడిగి ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

పంచాయతీ చేయవలసిన పనులు

పై సంగతులన్నియు ప్రతి యింటివారును గుర్తుంచుకొనుట కష్టము. కావున పంచాయతీ ఈ క్రింది ఏర్పాటులు చేయవచ్చును.

మొదట, ఏ గూడెమున ఎన్ని ప్యానెళ్లు, ఎన్ని బ్యాటరీలు ఉన్నవి, ఎన్నడు వచ్చినవి, మరమ్మత్తు గడువు ఎన్నటితో ముగియును అను వివరములతో ఒక రిజిస్టరు పెట్టవలెను. గడువు లోపల చెడినవానిని అమర్చినవారిచే బాగు చేయించుకొను హక్కు మనకున్నది. తేదీ తెలియనిచో ఆ హక్కు చేజారును.

రెండవది, గూడెమున కొక యువకుని గాని యువతిని గాని ఎన్నుకొని మల్టీమీటరు చూచుట, నీరు పోయుట, కొసలు శుభ్రము చేయుట నేర్పింపవలెను. వారు నెలకొకసారి తెల్లవారుజామున ప్రతి బ్యాటరీ వోల్టులు కొలిచి రిజిస్టరులో వ్రాయవలెను. వరుసగా అంకె తగ్గుచున్నచో కారణము వెదకుటకు వ్యవధి దొరకును.

మూడవది, బ్యాటరీ నిధి. ఎంత పోషించినను బ్యాటరీ ఒకనాటికి మార్చవలసినదే. ఇరువది ఇండ్ల గూడెమున ఒక్కొక్క బ్యాటరీ వెల 10,000 రూపాయలనుకొన్నచో మొత్తము 2 లక్షలు. పోషణ లేక 3 సంవత్సరములలో చెడినచో ఏటికి సుమారు 66,700 రూపాయల నష్టము. పోషించి 5 సంవత్సరములు మన్నించినచో ఏటికి 40,000 మాత్రమే. అనగా జాగ్రత్తవలన ఆ చిన్న గూడెమునకు ఏటికి సుమారు 26,700 రూపాయలు మిగులును. ఇంటికి నెలకు 167 రూపాయల చొప్పున కూడబెట్టినచో అయిదేండ్లకు క్రొత్త బ్యాటరీ సిద్ధము. అంత ఈయలేనివారి సంగతి గ్రామసభలో చర్చించి, పంచాయతీ ఎంత భరింపగలదో ముందే తీర్మానించుకొనవలెను.

నాలుగవది, బ్యాటరీ మార్చునపుడు ఇంటిలోనివన్నియు ఒకేసారి మార్చవలెను. పాతదానికి క్రొత్తది జతచేసినచో, ముసలి యెద్దుతో కోడెను కాడి కట్టినట్లు, రెండును త్వరలో చెడును.

అయిదవది, పాత బ్యాటరీలను ఇనుప సామానులవారికి అమ్మరాదు. వానిని పగులగొట్టి, సీసము కరగించినచో ఆ పొగ, ఆ మట్టి, ఆ నీరు విషమగును. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలను చెరుచును. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము పాతవానిని సేకరించి శుద్ధి చేయించు బాధ్యత తయారీదారులపై నున్నది. క్రొత్తది కొనునపుడు పాతదానిని గుర్తింపు పొందిన దుకాణమున కిచ్చి దాని విలువ తగ్గించుకొనవలెను. నర్సీపట్నము సంతకు దిగునపుడు గూడెముల పాత బ్యాటరీలన్నియు ఒకే బండిలో తెచ్చుట సులువు.

మన సంకల్పము

రోడ్డు వేయుట గొప్ప పని; దానిని గుంతలు పడకుండ కాపాడుట అంతకంటె ఓర్పుతో కూడిన పని. దీపమును తెచ్చి యిచ్చిన దినమున సభ జరుగును, చప్పట్లు మ్రోగును. బ్యాటరీలో చెంచెడు నీరు పోసిన దినమున ఎవరును చప్పట్లు కొట్టరు. అయినను అయిదవ సంవత్సరమున, శ్రావణపు ముసురు రాత్రి, గూడెమున ఒక తల్లికి నొప్పులు వచ్చినపుడు దీపము వెలిగినదా, ఫోను పలికినదా అనునది ఆ చెంచెడు నీటిపైననే ఆధారపడి యుండును.

కావున సభ్యులు వచ్చే గ్రామసభకు ముందు తమ పంచాయతీలోని ఒక గూడెమునకైనను పోయి, సూర్యోదయమునకు ముందు ఒక బ్యాటరీనైనను స్వయముగా కొలిచి చూడవలెనని మా మనవి. ఆ అంకెను రిజిస్టరు మొదటి పుటలో వ్రాయుటతో ఈ పని ప్రారంభమగును.